దెయ్యాన్ని తొందరపడి పంపించెయ్యకు

బుజ్జీ,

నువ్వు దెయ్యాల నవల మొదలుపెట్టావని మొన్న ఫోన్‌లో మీ అమ్మ చెప్పింది. "దానికి నీ పోలికే వచ్చింది" అని నవ్వింది కూడా. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ నవల దేని గురించో మీ అమ్మకు తెలీదు, నాకు తెలుసు. నువ్వు పంపిన మెసేజ్‌లో ఉంది కదా, చిన్నప్పటి ఒక రాత్రిని మరిచిపోలేని పెద్దావిడ, ఆవిడ నమ్ముకున్న దేవుడు, ఆవిడ ఇంట్లో రాత్రిళ్లు వినిపించే పిల్లాడి అడుగుల చప్పుడు. చదవగానే ఒళ్లు జలదరించింది. గర్వంగా ఉందే, భయంగానూ ఉంది. నాలుగు హారర్ నవలలు రాసినదాన్ని, దెయ్యాలంటే నాకేం భయం లేదు. నా భయమల్లా మీ అమ్మ గురించే.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు. రోజూ రాయి. మొదటి డ్రాఫ్ట్ ఎవరికీ చూపించకు. రాత్రిళ్లు రాస్తే మూడ్ వస్తుందంటారు, నమ్మకు, వచ్చేది తలనొప్పే. నీ దెయ్యం ఏం చెయ్యగలదో ఏం చెయ్యలేదో ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకో, 200వ పేజీలో దానికి కొత్త శక్తులు పుట్టుకొస్తే చదివేవాళ్లు పుస్తకం మూసేస్తారు.

భయపెట్టడం గురించి మాత్రం కాస్త చెప్పాలి. ఆన్ రాడ్‌క్లిఫ్ అని పాతకాలపు ఇంగ్లీషు రచయిత్రి ఉండేది. ఆవిడ పోయాక 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో భయాన్ని రెండుగా విడదీసింది. ఒకటి ఏదో రాబోతోందని అనిపించే భయం, అది మనసును విప్పారేలా చేసి మెలకువగా ఉంచుతుంది. రెండోది ఎదురుగా ఘోరాన్ని చూసినప్పటిది, అది మనసును బిగదీసి గడ్డకట్టిస్తుంది. నీకు కావలసింది మొదటిది. నెత్తురు, కాలిన ముఖాలు అన్నీ ఐదో పేజీలోనే చూపించేస్తే తర్వాత నీ దగ్గర ఇంకేం మిగులుతుంది? మూసిన తలుపు, దాని గడియ, అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు, ఇవి చాలు. గడియ సంగతి మళ్లీ చెప్తాను.

ట్రామా గురించి, అదే మనసుకు తగిలి మానని గాయం గురించి, నువ్వు చాలా చదివే ఉంటావు. మా చిన్నప్పుడు దానికి పేరే లేదు. పీటీఎస్‌డీ, అంటే ఘోరం జరిగిపోయాక కూడా మనసును వదలని జబ్బు, ఆ మాటను అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ మాన్యువల్‌లో చేర్చింది 1980లో, మా ఇంట్లో మంటలు అంతకు పదేళ్ల ముందటివి. పేరు తెలియకపోయినా అది ఎలా ఉంటుందో నువ్వు చూశావు. ఇస్త్రీ పెట్టె కింద బట్ట మాడిన వాసన వస్తే మీ అమ్మ ఏం చేసేదో గుర్తుందా? మాట మధ్యలో ఆగిపోయేది. కుడిచెయ్యి కిందికి, పక్కకు చాచేది, ఏమీ చూడకుండానే. నువ్వు పక్కన ఉంటే నీ చెయ్యి దొరకబుచ్చుకుని ఎముకలు నొప్పి పుట్టేలా నొక్కేది. నువ్వు దగ్గర లేకపోతే ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయేది, వేళ్లు సగం ముడుచుకుని. మిగతా ఇంద్రియాల కబురు మెదడులో థాలమస్ దగ్గర ఒక మజిలీ చేసి వెళ్తుందట, వాసన మాత్రం దాదాపు సూటిగా భయాలూ జ్ఞాపకాలూ ఉండే చోటికే పోతుందట. అది తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను. నువ్వు రాసేటప్పుడు ఫ్లాష్‌బ్యాక్‌ని సినిమాలో లాగా మొదటి నుంచి చివరి దాకా వరసగా నడిపించకు. అది రావడమే ముక్కగా వస్తుంది. ఒక చెయ్యి, ఒక వాసన, అంతే.

ఇంకోటి. నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, మెలకువ వచ్చినా కదల్లేనట్టు ఉంటుంది చూడు, కలలొచ్చే నిద్రలో ఒళ్లు బిగుసుకుపోయేది మెలకువ వచ్చాకా వదలకపోతే అలా ఉంటుందని డాక్టర్లు చెప్తారు. నీ పెద్దావిడకు అది రానీ. డాక్టరు మాటా నిజమే అనిపించాలి, పిల్లాడు వచ్చాడన్నదీ నిజమే అనిపించాలి. రెండింటిలో ఏదో ఒకటి నువ్వే తేల్చెయ్యకు.

ఇప్పుడు నా తప్పు. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు.

నా రెండో నవలలో ఉన్న పిల్లాడు ఆరేళ్లకే ఆగిపోయిన మీ మామయ్య. ఆ రాత్రి మీ అమ్మకు పదేళ్లు, నాకు మూడు. ఎడమచంకన నన్ను వేసుకుని, కుడిచేత్తో వాణ్ణి పట్టుకుని పొగలో తలుపు దాకా వచ్చింది. గడియ బిగుసుకుపోయింది. దాన్ని లాగడానికి ఆ చెయ్యి వదిలింది. తలుపు తెరుచుకునేసరికి పక్కన వాడు లేడు. నాకు ఇందులో ఒక్క ముక్కా గుర్తులేదు, అన్నీ పెద్దవాళ్లు గుసగుసగా అనుకుంటుంటే విన్నవే. తర్వాత వచ్చిన ప్రతివాళ్లూ మీ అమ్మ తల నిమిరి "దేవుడు నిన్ను కాపాడాడమ్మా" అన్నారట. పదేళ్ల పిల్ల ఆ మాటని ఎలా మోస్తుంది చెప్పు? నన్ను కాపాడితే మరి వాణ్ణి? ఆ ప్రశ్న పైకి అడగలేదు, ప్రార్థనా మానలేదు. నువ్వు విశ్వాసం గురించి రాస్తానంటున్నావే, నీకు కావలసింది అక్కడే ఉంది, భూతవైద్యుడి మంత్రాల్లో లేదు.

నేను అవన్నీ తీసుకుని కథ అల్లేశాను. అడిగితే వద్దంటుందని తెలుసు కాబట్టే అడగలేదు, ఎంత గడుసుదాన్నో చూడు. నా నవల్లో చనిపోయిన పిల్లాడు రోజూ రాత్రి వచ్చి తలుపు కొడతాడు, అక్క భయంతో లేచి మూడుసార్లు గడియ చూసుకుంటుంది. మీ అమ్మ నిజంగానే చూసుకునేది కదా, అది ఉన్నదున్నట్టు దింపాను. చివరి అధ్యాయంలో ఒక పుణ్యాత్ముడు వచ్చి ప్రార్థన చేస్తాడు, పిల్లాడు వెలుగులోకి నడిచి వెళ్లిపోతాడు, అక్క హాయిగా నిద్రపోతుంది. ఏడ్చామని పాఠకులు ఉత్తరాలు రాశారు. నేనైతే అక్క గాయానికి మందు రాశాననే అనుకున్నాను.

మీ అమ్మ ఒక్క రాత్రిలో చదివేసి, తెల్లారేసరికి నిన్ను చంకనేసుకుని మా ఇంటికొచ్చింది. అరవలేదు. "వాణ్ణి పంపించేశావా?" అంది.

"కథే కదక్కా" అన్నాను. ఇన్నేళ్ల రాతలో నేనన్న అతి తెలివితక్కువ మాట అది.

"గడియ పడిందా అని కాదే నేను చూసేది. తేలిగ్గా వస్తుందా లేదా అని. వాడొస్తే తియ్యాలి కదా. ముప్పై ఏళ్లుగా దేవుణ్ణి అడుగుతున్నది అదొక్కటే, నువ్వు పన్నెండు పేజీల్లో వెళ్లగొట్టేశావు."

రెండేళ్లు మాట్లాడలేదు నాతో. తర్వాత ఒకరోజు నీకు జ్వరమొచ్చిందని, ఏ మందు వెయ్యాలని ఫోన్ చేసింది, అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మందు మోతాదు చెప్పి, ఫోన్ పెట్టేసి, నేలమీద కూర్చుని ఏడ్చాను.

అందుకే అంటున్నాను, చివర్లో దెయ్యాన్ని వదిలించాలని నీకు చేతులు దురద పెడతాయి, పబ్లిషర్లూ అదే అడుగుతారు, ఆగు. అది నీ పెద్దావిడకు శత్రువో, మిగిలిన ఒక్క తోడో ముందు తెలుసుకో. నీ పూజారో ఫాదరో ఎవరైతే వాళ్లు, వెధవగానూ చూపించకు, మంత్రగాడిగానూ చూపించకు. ఏం చెప్పాలో తెలియక ఆవిడ పక్కన ఊరికే కూర్చునే మనిషిని చెయ్యి, అలాంటివాళ్లు నిజంగా ఉంటారు, మా అదృష్టానికి ఒకాయన ఉండేవాడు కూడా.

అన్నిటికంటే ముందు అమ్మనడుగు. వద్దంటే ఆ వయసు, ఆ గడియ, ఆ చెయ్యి తీసేసి నీ భయంతో రాసుకో, నీకూ ఉన్నాయి, పిన్నికి తెలియదనుకోకు. ఆ అధ్యాయం రాసిన రోజు మాత్రం ఒక్కదానివే పడుకోకు, ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్యి. అన్నం తిని చెయ్యి, ఉత్త కడుపుతో ఏడుస్తూ చేస్తే తిడతాను.

మీ అమ్మ బీరువాలో అడుగు అరలో నా పుస్తకం ఉంది. చివరి పన్నెండు పేజీలు చింపేసి, మిగతాది దాచుకుంది. దాన్ని తీసుకెళ్లి పగటిపూట ఆవిడ పక్కన కూర్చో. మాట ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే, ఆ పేజీలు ఏం చేసిందో అడుగు. నాకు ఇంతవరకూ అడిగే ధైర్యం రాలేదు.

మీ పిన్ని