లంబసింగి బండి కట్టే ముందు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే చలికాలం నుంచి లంబసింగికి యాత్రికులను తీసుకువెళ్లే పని మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు గర్వంగానే ఉంది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచి డ్రైవరును పెట్టుకోవడం, చెత్తను తిరిగి కిందికి తెచ్చుకోవడం నీకు తెలిసినవే.

నువ్వు ఎక్కబోయే ఘాట్ రోడ్డు గురించి మాత్రం తెలుసుకో. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వెళ్లే ఆ దారిని బ్రిటిష్ హయాంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ల చేత సరైన కూలి ఇవ్వకుండా వేయించాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడుకు, అంటే కొండల మీద అడవి నరికి చేసుకునే సేద్యానికి, అడ్డుపడి ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసినప్పుడు అక్కడివారు ఆయన వెంట నడిచింది ఈ కడుపుమంటతోనే.

నేను అక్కడ బడిపంతులుగా చేరిన కొత్తలో ఇవేవీ పట్టించుకోలేదు. ఒక సంతరోజున పసుపు కొమ్ములు అమ్ముకుంటున్న ముసలావిడకు ఫోటో తీశాను. కాపీ పంపుదామన్న మంచి ఉద్దేశంతోనే జేబులోని చిన్న పుస్తకం తీసి, ఆవిడ పేరు, ఊరు అడిగి రాసుకున్నాను. ఆవిడ చెప్పింది, చెబుతూనే కొమ్ములన్నీ గోనెలోకి ఎత్తేసింది. తరువాత మూడు వారాలు సంతకు రాలేదు. చివరికి ఆ ఊరి కుర్రాడొకడు నన్ను నిలదీశాడు: "ఏ డిపార్టుమెంటు తరఫున వచ్చారు సార్? కేసు పెడతారా?" కిందినుంచి వచ్చి పేరు రాసుకున్నవాడు వెట్టికి పిలుస్తాడు, లేదా పోడు కేసు పెడతాడు, వాళ్ల తాతల నాటినుంచి ఎరిగినది అదే. బిడియమనుకుని నేను ముచ్చటపడిన మౌనం అసలు భయమని ఆ రోజు తెలిసింది. ఆ ఫోటో ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది, ఇవ్వలేకపోయాను.

కాబట్టి నీ యాత్రికులు ఎవరి గుమ్మం ముందైనా ఫోను ఎత్తే ముందు అడగాలి. వద్దంటే నవ్వుతూ మానుకోవాలి. బినామీ పేరుతో స్థలం తీసుకుని గుడారాలు వేద్దామని నీకెవరో చెప్పారట. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి దక్కకుండా 1970లో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం తెచ్చింది ఇలాంటి తెలివితేటలకు భయపడే. ఆ మాట మళ్లీ ఎత్తావంటే నీతో మాట్లాడను. గుడారాలు వేసేది, వంట చేసేది, దారి చూపేది ఆ ఊరివాళ్లే కావాలి, వాళ్లు అడిగిన కూలికి బేరమాడకు.

నీకు చిన్నప్పటినుంచీ చలి పడదు, మంకీ టోపీ మరిచిపోకు తల్లీ. మొదటి ప్రయాణంలో ముందు సీటు నాకు ఉంచు, ఆవిడ కూర్చునే చోటు చూపిస్తాను.

మీ పెదనాన్న