బాప్తిస్మం తరువాత కూడా కోపం తగ్గకపోతే

సహోదరి గారికి వందనములు. బాప్తిస్మం పొంది ఏళ్లు గడిచినా పిల్లలపై కోపం ఆగడం లేదని, మీ రక్షణే నిజం కాదేమోనని రాశారు. ఆ నిర్ధారణకు తొందరపడకండి. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు దినాన ధైర్యంగా ప్రసంగించిన అపొస్తలుడైన పేతురు సైతం అంతియొకయలో మనుష్యులకు భయపడి అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, భోజనం మానివేసినప్పుడు, పౌలు అందరి ఎదుట అతనిని నిలదీశాడని గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. అయినా పేతురు అపొస్తలుడిగానే కొనసాగాడు. తన పాపాన్ని చూసి బాధపడే మనస్సు పరిశుద్ధాత్మ కార్యానికి గుర్తేనని నా దృఢ విశ్వాసం.

బిడ్డను కసిరిన రోజున, సమాధానపడి వచ్చాకే అర్పణ చెల్లించమన్న మత్తయి 5వ అధ్యాయం ప్రకారం, పొద్దుగూకేలోపు ఆ బిడ్డ దగ్గర కూర్చుని, "నేను అలా అరవడం తప్పు నాన్నా, క్షమించు" అని చెప్పి, తరువాతే కుటుంబ ప్రార్థన మొదలుపెట్టండి. ఇది ఉపవాసం కంటే కష్టమే. సంఘంలో నమ్మకమైన ఒక పెద్దమ్మగారికి కూడా చెప్పి, మీకోసం ప్రార్థించమనండి.