బిల్లు క్యాన్సిల్ నింద మీదేసి హోటల్ నుంచి తీసేసినారు, మా పిల్లోడు ఇప్పుడేం చెయ్యాల?

ప్రశ్న: మాది అనంతపురం సార్. మా అబ్బాయికి 23 ఏండ్లు, ఇంటర్ పాస్. ఇక్కడే ఒక ఫ్యామిలీ రెస్టారెంట్‌లో స్టీవార్డ్‌గా, అంటే వడ్డించే పనిలో చేరి మూడేండ్లలో వాళ్ళ మీద చూసుకునే కెప్టెన్ అయినాడు. కొత్త మేనేజర్ వచ్చి తన బామ్మర్దిని పెట్టుకున్నప్పట్నుంచి గొడవలే. రెండు బిల్లులు క్యాన్సిల్ కొట్టి డబ్బులు తీసుకున్నాడని మావాని మీదేసి, జీతంలో ఎనిమిది వేలు పట్టుకుని, రేపట్నుంచి రావద్దన్నారు. వాడు ఆ పని చెయ్యలేదు సార్. ఇప్పుడు గదిలోంచి బయటికే రాడు. ఓనర్‌ని బతిమిలాడాల్నా, లేకుంటే కడపలో వాళ్ళ చిన్నాయన చెప్పినట్టు కువైట్ పంపాల్నా?

జవాబు: అక్కా, ఓనర్ దగ్గరికి బతిమిలాడను మాత్రం పోవద్దు. ఒకవేళ ఆయన జాలిపడి మళ్ళీ పెట్టుకున్నా అదే మేనేజరు, అదే బామ్మర్ది ఉంటారు కదా, రేపు ఇంకో బిల్లు తగ్గితే మళ్ళీ మనోడి మీదనే పడతాది, పైగా మనం పోయి చేతులు పట్టుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే ఊరంతా చెప్పుకుంటారు. ఉద్యోగం పోయింది పోనీ, డబ్బులు, పేరు మాత్రం వదులుకోవద్దు.

హోటల్ లైన్‌లో ఇట్లాంటి నింద ఎట్లా వస్తాదో మీకు తెలియాల. బిల్లు ప్రింట్ అయినాక దాన్ని క్యాన్సిల్ చెయ్యాలంటే చాలా చోట్ల కెప్టెన్ లాగిన్‌తో కాదు, మేనేజర్ పాస్‌వర్డ్ కావాల. ఏ లాగిన్‌తో, ఏ సిస్టంలో, ఎన్ని గంటలకి క్యాన్సిల్ అయిందో సాఫ్ట్‌వేర్‌లో అంతా ఉంటాది. కానీ ఆదివారం రాత్రి రష్‌లో మేనేజరే తన పాస్‌వర్డ్ ఫ్లోర్ మీద అందరికీ చెప్పేస్తాడు, తర్వాత లెక్క తప్పితే ఎవరికి అండ లేదో వాని మీద పడేస్తారు. అందుకని మీవాడు అడగాల్సింది ఒక్కటే, ఆ రెండు బిల్లుల నంబర్లు, క్యాన్సిల్ అయిన టైము, ఏ లాగినో చూపించండి అని, అదీ నోటితో కాదు, కాయితం మీద. ఆ రోజు వాడు వీక్ ఆఫ్‌లో ఉన్నాడేమో, బ్రేక్ షిఫ్ట్‌లో, అంటే డ్యూటీ రెండు ముక్కలుగా ఉండే రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చిన టైమేమో, అదీ చూసుకోమనండి.

చట్టం కూడా మీ పక్కనే ఉంది. మన రాష్ట్రంలో 1988 షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసినోన్ని సరైన కారణం లేకుండా తీసెయ్యకూడదు, తీసేస్తే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇయ్యాల, లేదా నెల జీతం ఇయ్యాల. తప్పు చేసినాడు అంటే విచారణ పెట్టి రుజువు చూపించాల. జీతంలో నష్టం కింద పట్టుకోవాలన్నా ముందు వాని మాట వినాల, ఊరికే పట్టుకునేదానికి లేదు. తీసేసినాక రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో సెటిల్ చెయ్యాల. ఇవన్నీ చెప్పి భయపెట్టమని కాదు, ఓనర్‌కి ఒక లెటర్ స్పీడ్ పోస్ట్‌లో పంపండి, మర్యాదగానే రాయండి, నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేసినా, ఈ ఎనిమిది వేలు, నోటీసు జీతం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాల అని. జవాబు రాకపోతే ఆ కాపీ, రసీదు పట్టుకుని లేబర్ ఆఫీసులో కంప్లైంట్ ఇయ్యండి. చాలా కేసులు పిలిచి మాట్లాడే దగ్గరే తెగిపోతాయి, ఓనర్లకి కూడా ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక ఉండదు.

అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యలేదు అంటారేమో, హోటల్ వాళ్ళు సామాన్యంగా ఇయ్యరు. బ్యాంకులో పడిన జీతం, డ్యూటీ చార్ట్ ఫోటో, స్టాఫ్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజీలు, ఇవన్నీ రుజువులే. కోపంలో గ్రూప్ నుంచి బయటికి వచ్చేసే ముందు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమనండి. పీఎఫ్ పట్టుకుంటా ఉన్నింటే ఉమంగ్ యాప్‌లో చూడమనండి, జీతంలో పట్టుకుని ఆఫీసుకి కట్టని వాళ్ళు కూడా ఉంటారు. ఇంకోటి, సెటిల్‌మెంట్ ఇస్తాం రా అని పిలిచి ఖాళీ కాయితం మీద గానీ, "నా తప్పు వల్ల మానేస్తున్నా" అని రాసిన దాని మీద గానీ సంతకం అడిగితే పెట్టకూడదు, ఎంత ఇచ్చినా సరే.

కువైట్ సంగతి. కడప వైపు ఎన్నో ఇండ్లు ఆ డబ్బుతోనే నిలబడినాయి, నేను వద్దనను, కానీ అవమానం మీద ఉన్న పిల్లోన్ని ఇప్పుడు పంపొద్దు. పోయే రోజు వచ్చినా ఏ వీసానో చూడండి, ఆర్టికల్ 18 అంటే కంపెనీ పని, 20 అంటే ఇంటి పని, రెస్టారెంట్ అని చెప్పి ఇంటి పని వీసా మీద తీసుకుపోతే అక్కడ వాని చేతులో ఏమీ ఉండదు. ఏజెంట్ పేరు గవర్నమెంట్ వాళ్ళ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఉందో లేదో చూడాల, వాళ్ళు తీసుకోవాల్సిన ఫీజు ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగేవాడు ఎంత దగ్గర చుట్టమైనా నమ్మొద్దు.

నా లెక్కలో మీవానికి సరైన దారి బెంగళూరు. ఇక్కడ్నుంచి 200 కిలోమీటర్లు, రైల్లో పొద్దున పోయి ఇంటర్వ్యూ చూసుకుని రాత్రికి రావచ్చు, మనోళ్ళకి కన్నడం కూడా కొంచెం నోట్లో ఉంటాది, అది అక్కడ పెద్ద ప్లస్. పెద్ద హోటల్లో హెచ్ఆర్ ఉంటాది, ఒక్క మేనేజర్ మాట మీద మనిషిని బయటికి పంపడం అంత ఈజీ కాదు. అక్కడ కెప్టెన్‌గా కాకుండా మళ్ళీ స్టీవార్డ్‌గా తీసుకుంటామంటే చిన్నతనం అనుకోవద్దనండి, పెద్ద హోటల్లో సర్వీస్, బాంక్వెట్ (ఫంక్షన్ల పని), ఇంగ్లీషు నేర్చుకుంటే మళ్ళీ కెప్టెన్ అవడానికి ఎక్కువ టైం పట్టదు. ఈలోపల ఫుడ్ సేఫ్టీ వాళ్ళ ఫోస్టాక్ ట్రైనింగ్ చేసి సర్టిఫికెట్ తీసుకోమనండి, ఒక్క రోజు పని, బయోడేటాలో బాగుంటాది.

ఎందుకు మానేసినావు అని అడుగుతారు, అక్కడ పాత మేనేజర్‌ని తిట్టడం మొదలుపెడితే అయిపోయినట్టే, వినేవాడు కూడా మేనేజరే కదా. "మేనేజ్‌మెంట్ మారింది సార్, ఒక బిల్లు విషయంలో నా మీద అనుమానపడినారు, నేను రికార్డు చూపించమని రాసి ఇచ్చినా" అని చెప్పి ఆగిపోవాల. అబద్ధం చెప్పొద్దు, ఈ లైన్‌లో ఒక ఫోన్‌తో తెలిసిపోతాది. అందుకే పాత వంట మాస్టర్లు, ముందు పనిచేసి పోయిన మేనేజర్ ఎవరైనా ఉంటే ఇప్పుడే వాళ్ళకి ఫోన్ చేసి జరిగింది చెప్పి, రెఫరెన్స్‌కి పేరు రాసుకోవచ్చా అని అడగాల.

అక్కా, ఇంట్లో ఎవరూ "నువ్వే సర్దుకుపోయింటే సరిపోయేది" అనొద్దు. మూడేండ్లు పండగలకి కూడా ఇంట్లో లేకుండా పనిచేసి దొంగ అనిపించుకున్న పిల్లోడు వాడు, ఆ మాట ఇంట్లోవాళ్ళ నోట కూడా వస్తే తట్టుకోలేడు. అన్నం మానేసినా, బతకాలని లేదు అన్నట్టు మాట్లాడినా ఆలస్యం చెయ్యకుండా 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అని గవర్నమెంట్‌దే, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఆ లెటర్ మాత్రం వాని చేతనే రాయించండి, మీరు పక్కన కూర్చోండి, స్పీడ్ పోస్ట్ చెయ్యడానికి వాళ్ళ నాయన్ని తోడు పంపండి.