పాఠకుల ప్రశ్నలు – జవాబులు: తల్లీబిడ్డల ఆరోగ్యంలో రాష్ట్రాలు పొరుగువారి నుంచి ఏం నేర్చుకున్నాయి?

ప్రశ్న: ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశమని విన్నాను. ప్రతి ప్రభుత్వమూ తన పేరుతో ఒక పథకాన్ని తెస్తోంది. కనీసం గర్భిణులు, పసిబిడ్డల విషయంలోనైనా రాష్ట్రాల విధానకర్తలు కలిసి కూర్చొని ఒకరి అనుభవాన్ని మరొకరు తీసుకోవడం జరుగుతోందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: జరుగుతోంది, కానీ అన్ని విషయాలలోనూ ఒకే స్థాయిలో కాదు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఉన్న మాట నిజమే. అయినా కేంద్ర, రాష్ట్ర ఆరోగ్య మంత్రులు కలిసి చర్చించడానికి కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మండలి ఉంది. ఏ రాష్ట్రంలో ఏ పద్ధతి ఫలించిందో అధికారులు ఒకరికొకరు చెప్పుకొనే జాతీయ సదస్సులు 2013 నుంచి జరుగుతున్నాయి. 2016లో అటువంటి సదస్సుకు తిరుపతి వేదికైంది.

అసలైన ఇచ్చిపుచ్చుకోవడాన్ని మాత్రం సదస్సులలో కంటే మన ఊళ్లలో చూడవచ్చు. మీ వీధిలోని ఆశా కార్యకర్తనే తీసుకోండి. ఛత్తీస్‌గఢ్ 2002లో పల్లె మహిళలనే ఎంచుకొని, శిక్షణనిచ్చి ‘మితానిన్’ కార్యకర్తలుగా నిలబెట్టింది. ఆ అనుభవం 2005లో దేశవ్యాప్తంగా వచ్చిన ఆశా వ్యవస్థకు ఒక ముఖ్యమైన పునాది. ఆ ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వచ్చి బిడ్డను తూచి, ఒళ్లు చల్లబడిందేమో చూసి, పాలు తాగుతున్న తీరు అడిగి వెళుతుంది. ఈ పద్ధతి తెలంగాణకు ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు పల్లె మహిళలతో చేయించి, నవజాత శిశు మరణాలు గణనీయంగా తగ్గుతాయని నిరూపించినది. 2011లో కేంద్రం దానిని ఆశాల విధుల్లో చేర్చింది. జిల్లా ఆసుపత్రులలో నేడు కనిపించే నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగాలకు దారి చూపినది పశ్చిమ బెంగాల్‌లోని పురులియా. మనం ఇచ్చినదీ ఉంది: 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ తరువాతి సంవత్సరాలలో అనేక రాష్ట్రాలకు విస్తరించింది.

ఫలితం అంకెలలో కనిపిస్తుంది. 2001–03లో దేశంలో ప్రతి లక్ష సజీవ జననాలకు 301 మంది తల్లులు మరణించగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 195. 2018–20 నాటికి దేశంలో 97కు, ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు తగ్గింది. ఇది చిన్న విజయం కాదు. అయితే అదే కాలంలో కేరళ 19కి చేరింది. ఆ తేడాకు కారణాలు అనేకం. స్త్రీ విద్య, దగ్గరలో ఆసుపత్రి ఉండడం వంటివి అందరికీ తెలిసినవే. వాటికి తోడు కేరళ చేసిన మరొక పని ఉంది. దాని గురించి కింది ప్రశ్నకు జవాబులో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇతర రాష్ట్రాలు తీసుకోవలసినంతగా తీసుకోనిది అదేనని నా అభిప్రాయం. నగదు సాయం, బాలింతకూ బిడ్డకూ కావలసిన వస్తువుల కిట్టు, వాహనం ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి త్వరగా చేరుతాయి. తమిళనాడు 1987లోనే డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట గర్భిణులకు నగదు సాయం ప్రారంభించింది. తెలంగాణ 2017లో కిట్టుతో పాటు ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లవాడు పుడితే 12,000 రూపాయలు ప్రకటించింది. ఇవి అవసరమైనవే. కానీ తన ఆసుపత్రిలో ఒక తల్లి ఎందుకు చనిపోయిందో దాచకుండా చెప్పుకొనే అలవాటును జీవో జారీ చేసి తెచ్చుకోలేము.

ప్రశ్న: మా బంధువుల అమ్మాయి కాన్పు అయిన నాలుగో రోజున చనిపోయింది. తరువాత ఏఎన్ఎం, మరికొందరు ఇంటికి వచ్చి చాలా ప్రశ్నలు అడిగి రాసుకున్నారు. పోయిన మనిషి ఎలాగూ తిరిగి రాదు కదా, దీనివల్ల ప్రయోజనం ఏమిటి? మాకు భయంగా కూడా ఉంది.
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ కుటుంబానికి కలిగిన నష్టానికి ఏ జవాబూ సరిపోదు. అయినా ఆ ప్రశ్నలకు మీరు ఓపికగా, ఉన్నదున్నట్టుగా జవాబు చెప్పాలని వేడుకుంటున్నాను. గర్భంతో ఉన్నప్పుడు గాని, కాన్పు తరువాత 42 రోజుల లోపు గాని జరిగిన ప్రతి మాతృ మరణాన్నీ నమోదు చేసి సమీక్షించాలని 2010లో, మరింత విస్తృతంగా 2017లో జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. ఇంటికి వచ్చినవారు ముఖ్యంగా మూడు జాప్యాల గురించి అడుగుతారు: ప్రమాదాన్ని గుర్తించి ఆసుపత్రికి బయలుదేరాలని ఇంట్లో నిర్ణయించడంలో జరిగిన జాప్యం, దారిలో జరిగినది, ఆసుపత్రికి చేరిన తరువాత చికిత్స అందడంలో జరిగినది. వాహనం ఎప్పుడు వచ్చింది, రక్తం దొరికిందా, ఎన్ని ఆసుపత్రులు తిప్పారు అన్న సంగతులు కుటుంబానికి తెలిసినంతగా కేసు షీటుకు తెలియవు. అందుకే జిల్లా కలెక్టర్ జరిపే సమీక్షకు మృతురాలి బంధువులను కూడా పిలవాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పిలుపు వస్తే తప్పక వెళ్లండి. ఈ సమీక్ష ఉద్దేశం మిమ్మల్ని గాని, ఆశా కార్యకర్తను గాని దోషులుగా నిలబెట్టడం కాదు.

కేరళ ఈ పనిని 2004 నుంచి మరొక విధంగా కూడా చేస్తోంది. అక్కడ స్త్రీవైద్య నిపుణుల సమాఖ్య, ప్రభుత్వం కలిసి ప్రతి మరణం వివరాల నుంచి తల్లి పేరు, వైద్యుల పేర్లు, ఆసుపత్రి పేరు తొలగించి, అనుభవజ్ఞులైన వైద్యుల చేత పరిశీలింపజేస్తాయి. బ్రిటన్‌లో 1952 నుంచి సాగుతున్న రహస్య విచారణ దీనికి నమూనా. కేరళలో దీనికి సారథ్యం వహించినవారిలో డాక్టర్ వి.పి. పైలీ ముఖ్యులు. శిక్ష భయం లేనందువల్ల ప్రైవేటు ఆసుపత్రులు సైతం వివరాలు ఇచ్చాయి. కాన్పు తరువాతి రక్తస్రావం, గర్భిణులలో రక్తపోటు ప్రధాన కారణాలని తేలాక, ఆ రెండింటికీ ఏ నిమిషంలో ఎవరు ఏం చేయాలో ప్రమాణాలు రూపొందించి ఆసుపత్రులకు ఇచ్చారు. అంటే ఒక తల్లి మరణం నుంచి నేర్చుకున్నది మరొక తల్లి మంచం దగ్గరికి చేరింది.

మన జిల్లాలలో మరణం జరిగిన వెంటనే ఎవరినో ఒకరిని సస్పెండ్ చేయాలన్న ఒత్తిడి వస్తుంది. నిర్లక్ష్యం రుజువైతే చర్య తీసుకోవలసిందే. అది వేరే విచారణ ద్వారా జరగాలి. రెండింటినీ కలిపివేస్తే భయంతో కాగితాలపై కారణాలు మారిపోతాయి, రక్తనిధి లేని లోటు మాత్రం అలాగే మిగిలిపోతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖలు ఈ ఒక్క విషయంలో కేరళతో కలిసి పని చేయడానికి పూనుకుంటే చాలా ప్రాణాలు నిలుస్తాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్న: మాది చింతూరు వైపు. మా మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, కానీ కాన్పుకు భద్రాచలమే దగ్గర. పక్క రాష్ట్రం ఆసుపత్రిలో మాకు ఉచిత వైద్యం అందుతుందా?
– ఒక అంగన్‌వాడీ కార్యకర్త

జవాబు: అందుతుంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం ఉచితం. ఏడాది లోపు బిడ్డ జబ్బుపడినా ఆ హక్కు వర్తిస్తుంది. సరిహద్దు దాటినంత మాత్రాన అది పోదు. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా గర్భిణులు వస్తూనే ఉన్నారు. అయితే రాష్ట్రం తన సొంత నిధులతో ఇచ్చే నగదు, కిట్టు సాధారణంగా అక్కడి నివాసులకే పరిమితం. వాటి కోసం మీ పీహెచ్‌సీలోనే విచారించాలి.

మీరు చేయగలిగినది ఒకటి ఉంది. ప్రతి గర్భిణి చేతికీ తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇచ్చి, అందులో రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, రక్తపోటు, వేసిన టీకాలు రాయించండి. నెలలు నిండకముందే ఆ కార్డుతో భద్రాచలంలో ఒకసారి చూపించి రమ్మని చెప్పండి. కాన్పు తరువాత ఆమె ఇంటికి చేరిన సంగతి ఇవతలి ఏఎన్ఎంకు తెలియజేసే బాధ్యత ఎవరిదో రెండు జిల్లాల వైద్యాధికారులు రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. ఆ విన్నపాన్ని అంగన్‌వాడీలను పర్యవేక్షించే మీ ఐసీడీఎస్ అధికారి (సీడీపీవో) ద్వారా చింతూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి పంపండి. నకలు భద్రాచలం ఐటీడీఏకు కూడా చేర్చండి.