తాలు లెక్కపెట్టే పెట్టె పెడుతున్నావట

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఉద్యోగం మానేసి గుంటూరు యార్డులో మిర్చికి గ్రేడు చెప్పే ఏఐ పెట్టె పెడుతున్నావని చెప్పాడు. వాడి గొంతులో గర్వమూ ఉంది, దడా ఉంది. నాకూ అంతే. "96 శాతం కరెక్టుగా చెబుతోందట అన్నయ్యా" అన్నాడు చూడు, అక్కడ నా నిద్ర పోయింది.

నూటికి 96 కాయలు మంచివే ఉన్న కుప్పను చూపిస్తే, కళ్లు మూసుకుని "అన్నీ మంచివే" అన్నవాడికి కూడా 96 మార్కులొస్తాయి. నిజంగా తాలైన, అంటే రంగు పోయి తెల్లబారిన, కాయల్లో ఎన్నింటిని పట్టుకుంది, మంచి కాయల్లో ఎన్నింటిని తాలంది? ఆ రెండు అంకెలూ విడివిడిగా రాసుకో. ఇంత చదువుకుని ఈ మాట నాతో చెప్పించుకుంటావా?

రిజిస్ట్రేషన్, యార్డు అనుమతి, కమీషన్ వ్యాపారుల పరిచయం నువ్వు చూసుకోగలవు. సరుకు ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. సంక్రాంతికి పెట్టె సిద్ధం కాకపోతే ఆ ఏడు పోయినట్టే.

పెట్టె సంగతికొస్తాను. మూత ఉన్న పెట్టె, లోపల రెండు వైపులా ఎల్ఈడీ పట్టీలు, వాటి ముందు పాల రంగు అక్రిలిక్ రేకు పెట్టు. తేజ రకం కాయ నున్నగా మెరుస్తుంది. ఆ మెరుపు ఫోటోలో తెల్ల మచ్చలా పడి, మంచి కాయ తాలైపోతుంది. దీపాలకొక పోలరైజర్ ఫిల్ము (వెలుగును ఒకే దిశలో వదిలే రేకు), లెన్సుకు దానికి అడ్డంగా ఇంకొకటి వేస్తే మెరుపు చచ్చిపోతుంది. ఫోన్ కెమెరా ఆటోలో వదలకు, ఎర్ర కుప్ప కనపడగానే అది తన లెక్కలో రంగు సరిచేసేస్తుంది. వైట్ బ్యాలెన్సు, ఎక్స్‌పోజరు బిగించి, రంగు సరిచూసుకోవడానికి మూలన ఒక బూడిదరంగు కార్డు పెట్టు. ఎక్స్‌పోజరు కాస్త తగ్గించే ఉంచు. ఫోటోలో ఎరుపు అంకె దాని గరిష్ఠమైన 255కు చేరి నిండిపోయిందంటే డీలక్సు గ్రేడుకీ మీడియం గ్రేడుకీ తేడా ఫోటోలోనే ఉండదు. లేని తేడాను ఏ మోడలూ, అంటే ఫోటోలతో నేర్పిన ఏ ఏఐ ప్రోగ్రామూ, చెప్పలేదు.

ఇక నా అసలు భయం. ఈ రంగంలో ఇది పాత తప్పే, కానీ కొత్తవాళ్లు ప్రతిసారీ అందులోనే పడతారు.

2018లో అమెరికాలో ఒక అధ్యయనం అచ్చయింది. ఛాతీ ఎక్స్‌రే చూసి న్యుమోనియా చెప్పే మోడళ్లను మూడు చోట్ల ఫోటోల మీద పరీక్షించారు. ఒక ఆసుపత్రి ఫోటోల్లో న్యుమోనియా సుమారు 34 శాతం, మిగతా రెండు చోట్లా ఒక శాతం దగ్గర. మోడలేం చేసిందంటే, ఫోటో ఏ ఆసుపత్రిదో కనిపెట్టడం నేర్చుకుంది. టెక్నీషియన్లు ఫిల్ము మూలన పెట్టే లోహపు గుర్తులాంటివి దానికి చాలు. ఫలానా ఆసుపత్రి అయితే జబ్బు ఉండొచ్చని మొగ్గింది. కొత్త ఆసుపత్రి ఫోటోలిస్తే చాలాసార్లు తడబడింది.

దీన్ని మన యార్డుకు తెచ్చి చూడు. డీలక్సు ఫోటోలన్నీ ఒక కోల్డ్ స్టోరేజీలో నీలం పట్టా మీద తీశావనుకో, తాలు ఫోటోలేమో ఇంకో కొట్టు ముందు గోనె మీద. నీ మోడలు మిర్చిని చూడదు, పట్టాను చూస్తుంది! ఇంట్లో పరీక్షిస్తే 96 వస్తుంది, కొత్త కొట్టుకెళ్లగానే పరువు పోతుంది. ఇంకో రకమూ ఉంది. ఒకే టిక్కీవి (మిర్చి బస్తావి) 200 ఫోటోలు తీసి, 160 నేర్పడానికి, 40 పరీక్షకు పెట్టడం. అది ప్రశ్నపత్రం ముందురోజు చూపించి ఫస్టు క్లాసొచ్చిందని సంబరపడటం. ఫోటోల వారీగా విడదీయకు, లాట్ల వారీగా విడదీయి. ఒక రైతు సరుకంతా అయితే ఇటు, లేకపోతే అటు. ఒక కొట్టును, ఒక నెలను పూర్తిగా దాచిపెట్టి, చివర్న దానిమీదే పరీక్షించు. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉన్న కాయ రంగు వేరు. బాడిగ రకం కాయ ముడతల నీడలు తేజకు ఉండవు. అవన్నీ చూపించకుండా "అన్ని రకాలూ చెబుతుంది" అనకు, నా మీద ఒట్టు.

పై కాయలు మాత్రం తీయకు తల్లీ. పది టిక్కీలకొకటి విప్పించి, పైన, నడుమ, అడుగున తీసి కుప్ప పోయి. చదును చేసి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు తీసేయి. అరకిలో మిగిలేదాకా అలాగే. కెమెరా లెక్కపెట్టేది కాయల్ని, వ్యాపారం జరిగేది బరువు మీద. తాలు తేలిక గనక వందకు ఎనిమిది కాయలంటే ఎనిమిది శాతం బరువు కాదు. రకం వారీగా తూచి ఆ లెక్క కలపాలి.

నీళ్ల సంగతి మరిచిపోయేవాణ్ణి. కాయ విరగకుండా నీళ్లు చల్లుతారు. తడి కాయ ముదురు ఎరుపులో నిగనిగలాడుతుంది, నీ పెట్టె దానికి మంచి గ్రేడిచ్చేస్తుంది. 10, 11 శాతం తేమ ఉండాల్సిన చోట 15 ఉన్నా కెమెరాకు తెలియదు. పక్కన తేమ మీటరు లేకుండా గ్రేడు చెప్పకు. ఘాటు, అఫ్లాటాక్సిన్ (బూజు వదిలే విషం) కూడా కంటికి కనపడేవి కావు. అవి ల్యాబు పని అని చీటీ మీదే అచ్చు వేయించు.

నేర్పే ఫోటోలకు పేర్లు ఎవరు పెడుతున్నారు? మీ ఆఫీసు కుర్రాళ్లా? కాయలు ఏరే ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఏరుడు కూలి కంటే ఎక్కువే ఇవ్వు. రేపు నీ పెట్టె వల్ల ముందు పని తగ్గేది వాళ్లకే. ప్రతి ఫోటోనూ ఇద్దరు, ఒకరి మాట ఒకరికి తెలియకుండా చూడాలి. నూటికి పదింటి దగ్గర ఆ ఇద్దరికే కుదరకపోతే నీ 96 దేన్ని కొలిచినట్టు?

పెట్టె పొరపాటున తాలును మంచిదంటే వ్యాపారి మర్నాడే వచ్చి గొడవ చేస్తాడు. మంచిదాన్ని తాలంటే రైతు ఆ రేటుకే అమ్ముకుని బస్సెక్కి వెళ్లిపోతాడు, నీదాకా రాడు. ఫిర్యాదులు చూసి సరిచేసుకుంటూ పోయావంటే, పెట్టె మెల్లగా వ్యాపారి పక్షానికి ఒరుగుతుంది. అనుమానంగా ఉన్నచోట "తెలియదు, మనిషి చూడాలి" అనే మూడో జవాబు పెట్టు.

యార్డులో ఘాటుకు నీకు దగ్గు ఆగదు, చిన్నప్పుడు పోపు వేస్తేనే పెరట్లోకి పరుగెత్తేదానివి. మాస్కు మీద తడి తువ్వాలు కట్టుకో.

వచ్చే ఆదివారం పెట్టె తీసుకురా. మూడు ఊళ్ల కాయలు, ఒకటి తడిపి, పేర్లు రాయకుండా మూటలు కట్టి ఉంచుతాను. ముందు మీ పెద్దమ్మ ఏరి తూచి, అంకె చీటీ మీద రాసి కొంగున ముడి వేసుకుంటుంది. ఆ తర్వాత నీ పెట్టె చెప్పాలి. భోజనం ఇక్కడే.

పెదనాన్న