గ్రిడ్ పెట్టి తీసినా షాట్లు పేలవంగా వస్తున్నాయి, కంపోజిషన్ ఎలా నేర్చుకోవాలి?

ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నానని, రూల్ ఆఫ్ థర్డ్స్ (గ్రిడ్ గీతలతో ఫ్రేమ్‌ని తొమ్మిది గడులు చేసి, ముఖ్యమైనది ఆ గీతలు కలిసే చోట పెట్టమనే రూల్) తప్పకుండా పాటిస్తున్నా సీన్లలో జీవం ఉండట్లేదని రాశారు. కొన్నాళ్ళు ఆ గ్రిడ్ ఆపేయండి. కెమెరా ఎంత ఎత్తులో పెడుతున్నారో అది చూసుకోండి. కంపోజిషన్‌లో, అంటే ఫ్రేమ్‌లో ఏది ఎక్కడ ఎలా కనిపించాలన్నదాంట్లో, సగానికి పైగా అక్కడే తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

మాస్ కమ్యూనికేషన్ రెండో ఏడాదిలో మా నలుగురికి కలిపి ఒక చిన్న సినిమా తీయమన్నారు. హైదరాబాద్ వారాసిగూడలో మా ఫ్రెండ్ వాళ్ళ పాత ఇల్లు దొరికింది, వాళ్ళ నానమ్మే నటించడానికి ఒప్పుకుంది. సీన్ చిన్నదే. ఆమె వంటింట్లో కింద కూర్చుని కత్తిపీట మీద బెండకాయలు తరుగుతుంటుంది, మనవడు గుమ్మంలో నిలబడి ఇల్లు అమ్మేద్దామంటాడు, ఆమె తలెత్తకుండానే వద్దంటుంది. ఇల్లు ఆమెది, మాట ఆమెది, సీన్‌లో బలమంతా ఆమెదే.

కృష్ణానగర్‌లో ఒక రోజుకి కెమెరా, ట్రైపాడ్ అద్దెకి తెచ్చాం. ట్రైపాడ్ నా కళ్ళ ఎత్తుకి లేపి, ఆమె ముఖం సరిగ్గా గీతలు కలిసే చోట ఉండేలా ఫ్రేమ్ పెట్టాను. చూపు వైపు ఖాళీ, తల పైన ఖాళీ అన్నీ క్లాసులో చెప్పిన లెక్కే. సాయంత్రం లాప్‌టాప్‌లో చూసుకుంటుంటే ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు చూసి, "గిదేంది బిడ్డా, నన్ను బాయిలకు తొంగి చూసినట్టు తీసిన్రు" అంది.

నిజంగా అలాగే ఉంది. పాపిడి, వంగిన వీపు, చుట్టూ గచ్చు, అంతే కనిపిస్తోంది. మనవడేమో ఇంటి పెద్దలా పైన నిలబడ్డాడు, ఆమె అతని దయ మీద బతుకుతున్నట్టు ఉంది. మేం రాసుకున్నదానికి పూర్తిగా తలకిందులు. నేను ఒక్క రూల్ కూడా తప్పలేదు, అదే నన్ను బాగా కలవరపెట్టింది.

మళ్ళీ డబ్బులు పోగేసి ఇంకో రోజు అద్దెకి తెచ్చాం. ట్రైపాడ్ కాళ్ళు ఎంత తెరిచినా కావలసినంత కిందికి దిగలేదు, అందుకే ఆ వంటింట్లో పీటే తీసుకుని, దాని మీద చిన్న బియ్యం సంచి వేసి, అందులో కెమెరాని కుదురుగా అదిమి పెట్టాం. ఇప్పుడు లెన్స్ ఆమె ముఖానికి సమానంగా ఉంది. ఆ ఎత్తు నుంచి చూస్తే గుమ్మంలో మనవడు నడుము దాకానే కనిపిస్తున్నాడు, తల ఫ్రేమ్‌లో లేదు. మొదట కంగారుపడి కెమెరా పైకి తిప్పబోయాను. తర్వాత అలాగే వదిలేశాం. ఆమె ముఖమే నిండుగా ఉంది, అతని గొంతు మాత్రం పైనుంచి వినిపిస్తోంది. బతిమాలాల్సిన చోటికి వచ్చేసరికి ఆ కుర్రాడు తనంతట తాను గొంతుక్కూర్చున్నాడు, అప్పుడు గాని అతని ముఖం ఫ్రేమ్‌లోకి రాలేదు. ఆ కదలిక స్క్రిప్ట్‌లో లేదు, పీట ఎత్తు వల్లే వచ్చింది.

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు కెమెరాని నేల మీద కూర్చున్న మనిషి ఎత్తుకి దగ్గర్లో పెట్టేవాడని, ఎక్కువగా 50 ఎంఎం లెన్సే వాడేవాడని తర్వాత చదివాను. వాళ్ళిళ్ళల్లో చాప మీద కూర్చునేవారు కాబట్టి ఆ ఎత్తు కుదిరింది. మన ఇళ్ళల్లోనూ పీట మీద కూర్చుని తింటాం, చాప మీద పడుకుంటాం, గడప మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం, మరి మన కోర్సుల్లో ఆ ఎత్తు గురించి ఎందుకు చెప్పరు? స్లైడ్ మీద తొమ్మిది గడులు గీసి వదిలేస్తారు. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి, కెమెరా కిందికి దించడం వేరు, కింది నుంచి పైకి ఎత్తి చూపించే లో యాంగిల్ వేరు. మేం దించాం గానీ పైకి ఎత్తలేదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో స్టూడెంట్ సినిమా అంటే 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన, లేదంటే ట్యాంక్‌బండ్, వెనకంతా బ్లర్. అంత బ్లర్ చేస్తే అది ఏ ఊరైతే ఏం? చార్మినార్, గోల్కొండ దగ్గర ట్రైపాడ్ పెడితే పురావస్తు శాఖ అనుమతి ఉందా అని అడుగుతారు, ఆ టెన్షన్‌లో ఎవరికీ ఫ్రేమ్ గురించి ఆలోచించే తీరిక ఉండదు. ఇంట్లో తీయండి, ఎవరూ తరమరు.

మీ దగ్గరున్నది ఫోనే కాబట్టి, దాని మెయిన్ లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది, దాదాపు 24, 26 ఎంఎం లెన్స్ లాగా. ముఖం పెద్దగా రావాలని దగ్గరికి వెళ్తే ముక్కు సాగుతుంది. ఫోన్‌లో 2ఎక్స్ జూమ్ పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి. మీ అమ్మగారినో నాన్నగారినో వాళ్ళు రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టి, ఒకే సైజు ఫ్రేమ్‌ని నిలబడి ఒకసారి, కుర్చీలోంచి ఒకసారి, నేల మీద నుంచి ఒకసారి తీయండి. తర్వాత సౌండ్ తీసేసి వాళ్ళకే చూపించండి, ఏది తమలా ఉందో అడగండి.