వెనక తలుపు చప్పుడైన రాత్రి నుంచి నిద్ర లేదు

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో అత్తమ్మ, నేను, ఆరేళ్ల పాప. మూడు వారాల కిందట రాత్రి ఒకటిన్నరకు ఎవరో వెనక తలుపు నెట్టారు. లైటు వేయగానే పరుగెత్తిన చప్పుడు. భయపడి ఆయనకు ఫోన్ చేస్తే ‘పిల్లి అయ్యుంటుందిలే’ అని నవ్వేశారు. బయట ఎవరికీ చెప్పొద్దంటారు అత్తమ్మ, మగదిక్కు లేదని తెలిసిపోతుందట. రోజూ తెల్లారేదాకా మంచం మీద కూర్చునే ఉంటున్నా. నాది పిరికితనమేనా?

జవాబు: కాదు. పిల్లి తలుపు నెట్టదు, లైటు వేస్తే అడుగుల చప్పుడు చేస్తూ పరుగెత్తదు. మీరు విన్నది నిజమేనని ముందు మీరు నమ్మండి.

మీ అత్తగారి భయం అర్థమవుతుంది. కానీ మీ ఆయన కువైట్‌లో ఉన్న సంగతి వీధిలో ఎవరికి తెలీదు చెప్పండి? వచ్చినవాడికీ తెలిసే ఉంటుంది. తెలియనిదల్లా ఆ రాత్రి మీ ఇంట్లో ఏం జరిగిందో, అదీ పిలిస్తే పరుగున వచ్చేవాళ్లకు. ఊరంతా చాటక్కర్లేదు. పక్కింటివాళ్లకు, నమ్మకమున్న ఇంకో ఇంటికి చెప్పండి. పోలీస్ స్టేషన్లో కూడా ఒక మాట చెప్పి, రాత్రి గస్తీ మీ వీధి వైపు రమ్మని అడగండి. మూడు వారాలైందని మొహమాటం వద్దు.

ఆ రాత్రి మీరు ఫోన్ చేసింది ఆయనకు. అక్కడ అప్పటికి పదకొండు గంటలు. అంత దూరం నుంచి ఆయన మాత్రం ఏం చేయగలరు? ఇకపై ముందు 112, తర్వాత పక్కిల్లు, ఆయనకు ఆఖరున. ఎవరైనా లోపలికే వస్తే ఎదురెళ్లకండి. ముగ్గురూ ఒకే గదిలో గడియ పెట్టుకుని ఫోన్ చేయండి. బీరువా పోతే పోనీ. అన్నట్టు, నగలు ఇంట్లోనే ఉంటే బ్యాంకు లాకర్‌కు మార్చండి.

ఇప్పుడు ఆ వెనక తలుపు. పగలు ఒకసారి గడియ పట్టుకుని ఊపి చూడండి. చాలా ఇళ్లలో దాన్ని పట్టి ఉంచేది అరంగుళం స్క్రూలే, రెండు గట్టి తోపులకు చెక్కతో సహా ఊడొస్తాయి. వడ్రంగిని పిలిచి పొడవాటి స్క్రూలు వేయించండి, లోపల అడ్డకర్ర పెట్టించండి. పెరట్లో గడ్డపార, నిచ్చెన ఉంటే లోపల పెట్టండి. దొంగకు పనిముట్లు మనమే ఇవ్వడం దేనికి? రాత్రి కరెంటు పోతే మీ ఒక్క ఇంటికే పోయిందా అని కిటికీలోంచి చూడండి, పక్కింట్లో వెలుగుంటే తలుపు తీయొద్దు. మా అమ్మమ్మ తలుపుకు ఆనించి స్టూలు వేసి, దాని అంచున ఇత్తడి చెంబు పెట్టేది. తలుపు కదిలితే ఇల్లంతా లేచేది! కెమెరా పెట్టించుకునే వీలుంటే మంచిదే, కానీ ముందు తలుపు.

నాలుగు రోజులు పుట్టింటికి వెళ్తే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి స్టేషన్లో అడగండి, తాళం వేసిన ఇంటికి కెమెరా ఉచితంగా పెడతారు.

నిద్ర సంగతి. మీరూ అత్తగారూ ఒకే గదిలో పడుకోండి, అర్ధరాత్రి దాకా ఒకరు, తర్వాత ఒకరు మేలుకోండి. పది రోజులు చాలు. ఇవన్నీ చేశాక కూడా నెలకు కన్ను మూతపడకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మీ ఆయనతో వాదన పెట్టుకోకండి. వీడియో కాల్లో ఆ గడియను ఊపి చూపించండి, వడ్రంగి డబ్బులు ఆయన్నే పంపమనండి.